నిద్ర చెడిన మర్నాడు చెవిలో హోరు ఎందుకు పెరుగుతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగు నెలలుగా రెండు చెవుల్లోనూ సన్నటి కూత వినిపిస్తోందని, బాగా నిద్రపట్టిన మర్నాడు దాన్ని దాదాపు మరచిపోతున్నారని, నిద్ర చెడితే మాత్రం తెల్లవారేసరికి తల నిండా అదే అవుతోందని రాశారు. మధ్యాహ్నం కునుకు తీసి లేస్తే రెట్టింపవుతోందన్నారు. నిద్రకూ ఈ హోరుకూ నిజంగా సంబంధం ఉందా, పెరిగిన ప్రతిసారీ చెవి ఇంకాస్త పాడవుతోందా అని అడిగారు.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ భయమే నా నిద్రను దాదాపు ఏడాదిపాటు కాజేసింది. రాత్రి నిద్ర చాలక మర్నాడు హోరు పెరిగితే, చెవి లోపల కొత్తగా ఏదో దెబ్బతిన్నట్టు కాదు. మనిషి లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. మీ హోరు మాత్రం ఎక్కుతోంది, రెండు రాత్రులు నిద్ర కుదిరితే మళ్లీ దిగుతోంది. కాబట్టి అలా ఎక్కించి దించేది చెవి కాదు, ఆ చెవి పంపినదాన్ని అందుకునే మెదడు.

నాకిది మొదలై ఏడేళ్లయింది. పెద్ద యంత్రాల పక్కన చెవులకు ఏ రక్షణా లేకుండా పనిచేశాను. వినికిడి పరీక్షలో 4000 హెర్ట్జ్ దగ్గర గీత లోతుగా కిందికి దిగింది, అంటే ఆ స్థాయి సన్నటి శబ్దాలు నాకు సరిగా వినపడడం లేదని. నాకు వినిపించే కూత కూడా దాదాపు ఆ స్థాయిలోనిదే. మొదటి ఏడాది రాత్రులు ఎలా గడిచాయో ఇప్పటికీ బాగా గుర్తుంది. పక్కకు తిరిగి పడుకుంటే దిండుకు ఆనిన చెవిలో కూత ఒక్కసారిగా పైకి లేచేది. వెల్లకిలా తిరిగితే తగ్గేది. అటు తిరిగితే ఆ చెవి, ఇటు తిరిగితే ఈ చెవి. పెరిగిందా తగ్గిందా అని ఊపిరి బిగబట్టి వింటూ ఎన్నో రాత్రులు తెల్లవార్చాను. దిండు బయటి చప్పుళ్లను మూసేయడం వల్లే లోపలిది పైకి తేలుతోందని చాలా కాలానికి గాని తెలియలేదు.

చివరికి ఒక ఆడియాలజిస్టు (వినికిడిని పరీక్షించే నిపుణులు) సలహాతో చిన్న పుస్తకం పెట్టాను. పేజీకి నాలుగు గడులు. నిద్రపోయిన వేళ, లేచిన వేళ, హోరు ఎంత పెద్దగా ఉంది, అది నన్ను ఎంత బాధపెట్టింది. చివరి రెండింటికీ సున్నా నుంచి పది వరకు అంకె. ఆ రెండూ ఒకటే కదా, వేరువేరుగా ఎందుకు అని అడిగాను. మూడు నెలలు రాయండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. రోజుకు ఒక్కసారే, లేచిన గంట తర్వాతే రాయాలని, అంతకుమించి హోరును వెతుక్కుంటూ వెళ్లవద్దని షరతు పెట్టారు. ఆ షరతు చాలా ముఖ్యం. పదేపదే కొలిచి చూసుకుంటే హోరు మీద ధ్యాస ఇంకా గట్టిపడుతుంది.

మూడు నెలల పేజీలు తిరగేస్తే నేను అనుకున్నది చాలావరకు తప్పని తేలింది. ఒక్క రాత్రి నిద్ర చెడినంత మాత్రాన మర్నాడు హోరు పెద్దగా పెరగలేదు. వరుసగా రెండు మూడు రాత్రులు చెడితేనే పెరిగింది. ఏడు గంటలు పడుకున్నా మధ్యలో ఐదారుసార్లు మెలకువ వచ్చిన రాత్రి, ఐదున్నర గంటలే అయినా ఒక్క బిగిన పట్టిన రాత్రి కన్నా చెడ్డది. అన్నిటికన్నా నన్ను ఆపి చూసేలా చేసింది వేరొకటి. హోరు ‘6’ అని రాసుకున్న రోజులు చాలా ఉన్నాయి. అవే రోజుల్లో బాధ గడిలో ఒకచోట 2, ఇంకోచోట 9 ఉంది. బాధ 9 ఉన్న పేజీలన్నీ నిద్ర లేని వారాలవే.

ఆ మధ్యలో ఆడియాలజిస్టు నా కూతను యంత్రం శబ్దంతో సరిపోల్చి రెండుసార్లు కొలిచారు. ఒకటి హాయిగా నిద్రపోయిన మర్నాడు, రెండోది మూడు రాత్రులు సరిగా నిద్రలేక వెళ్లినప్పుడు. మొదటి రోజు నేను ‘4’ అన్నాను, రెండోసారి ‘8’ అన్నాను. యంత్రం చూపిన తేడా 2 డెసిబెల్‌లు మాత్రమే. ఈ సరిపోల్చే పద్ధతిలోనే అంతపాటి హెచ్చుతగ్గులు సహజమట. చాలామందిలో ఈ హోరు వారికి వినపడే కనిష్ఠ స్థాయికి పది డెసిబెల్‌ల లోపే తేలుతుంది. అంటే గుసగుస కన్నా చిన్నది. అలాగని మీరు పడే బాధ ఊహ అని కాదు. నిద్రలేని మెదడుకు ఆ గుసగుసే అరుపులా అందుతుంది, అరుపు విన్నంత బాధా నిజంగానే కలుగుతుంది.

ఎందుకిలా అంటే, నాకు అర్థమైనంతలో చెబుతాను. చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గితే మెదడు తన వైపు నుంచి గ్రహణశక్తిని పెంచుకుంటుంది. 2012లో ప్రచురించిన ఒక ప్రయోగంలో వినికిడి బాగున్న 18 మంది ఒక చెవికి వారంపాటు బిరడా పెట్టుకుని గడిపారు. వారిలో 14 మందికి లేని శబ్దాలు వినిపించాయి, బిరడా తీసేశాక పోయాయి. అంతకుముందు 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి మామూలుగా ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏదో ఒక మోత వినిపించిందని చెప్పారు. కాబట్టి నిశ్శబ్దం హోరుకు మందు కాదు, మేత. రాత్రి పడకగది ఇల్లంతటిలోనూ నిశ్శబ్దమైన చోటు.

దీనికి నిద్రలేమి తోడైతే, ఆందోళనను, అప్రమత్తతను నడిపే మెదడు భాగాలు మరింత చురుగ్గా ఉంటాయి. ఏ చిన్న సంకేతాన్నయినా అవి ప్రమాదంగా లెక్కకడతాయి. మామూలు రోజున పనికిరాని చప్పుడుగా పక్కకు నెట్టేసే కూతను ఆ రోజు ముందుకు తెచ్చి నిలబెడతాయి. మనం దాన్ని పట్టించుకుంటాం, గుండె దడ పెరుగుతుంది, రాత్రి మళ్లీ నిద్ర రాదు. ఆ చక్రంలో మీరు ఏ మలుపులో ఉన్నారో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది.

గాఢనిద్ర విషయం ఇంకా ఆసక్తికరం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫెర్రెట్లనే చిన్న జంతువుల మీద చేసిన పని 2024లో వెలువడింది. పెద్ద శబ్దానికి గురై చెవిలో మోత లక్షణాలు మొదలైన జంతువులకు నిద్ర కూడా అప్పుడే చెడింది. అయితే గాఢనిద్రలో మెదడంతా నెమ్మదైన అలల్లో ఊగుతున్నప్పుడు, శబ్దాలకు అతిగా స్పందించే ఆ గుణం తగ్గింది. మనుషుల్లోనూ అంతే జరుగుతుందని తేల్చి చెప్పడానికి ఇంకా చాలా పని మిగిలే ఉంది. అయినా అది చదివినప్పుడు నా పుస్తకంలోని పేజీలే గుర్తొచ్చాయి. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి మూడో వంతులో వస్తుంది. నాకు పదకొండు నుంచి రెండు వరకు మెలకువ రాకుండా గడిస్తే, తర్వాత నాలుగింటికే లేచినా ఆ రోజు బాగానే ఉండేది. ఆ మొదటి మూడు గంటలు విరిగిన రోజు మాత్రం తర్వాత ఎంత పడుకున్నా తేరుకునేవాణ్ణి కాదు.

ఇక కునుకు సంగతి. మీ ఒక్కరికే కాదు, చాలామందికి కునుకు తర్వాత హోరు పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో పరిశోధకులు ప్రత్యేకంగా ఇలాంటివారినే ఎంచుకుని, ప్రయోగశాలలో కునుకు తీయించి, ముందూ వెనుకా హోరును కొలిచారు. ఎక్కువసేపు గురక పెట్టిన కునుకుల తర్వాత పెరుగుదల ఎక్కువగా ఉంది. గొంతు, దవడ, మెడ ప్రాంతపు కండరాలకూ వినికిడి మార్గానికీ మెదడు కాండంలోనే నరాల కలయిక ఉంది. మీరే చూసుకోవచ్చు. పళ్లు గట్టిగా బిగించినా, గడ్డం ముందుకు నెట్టినా కూత మారుతుందేమో ఒక్కసారి గమనించండి. హోరు ఉన్న చాలామందిలో మారుతుంది.

నాలో అది స్పష్టంగా మారేది. పళ్ల డాక్టరు దగ్గరికి వేరే పని మీద వెళితే, నా దవడ పళ్ల అంచులు అద్దంలో చూపించి, రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నారు కదా అన్నారు. అంచులు నున్నగా, బల్లపరుపుగా అరిగిపోయి ఉన్నాయి. అప్పటిదాకా లేవగానే కణతల దగ్గర ఉండే బిగువును నేను నిద్రలేమి ఖాతాలోనే వేసుకున్నాను. రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు చేయించుకున్నాక, పొద్దున్నే హోరు ఉధృతంగా ఉండే రోజులు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు. పొద్దున లేచేటప్పుడు మీకు దవడ నొప్పిగా ఉంటోందా, మీరు గురక పెడతారని ఇంట్లోవాళ్లు ఎప్పుడైనా అన్నారా? ఈ రెండూ దయచేసి కనుక్కోండి. గురకతోపాటు ఊపిరి ఆగి ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలంతా మత్తు ఉంటే అది స్లీప్ అప్నియా కావచ్చు. దానికి వేరే పరీక్ష, మంచి చికిత్స ఉన్నాయి.

నేను మార్చుకున్నవి ఎక్కువేమీ కావు. లేచే వేళ ఒకటే పెట్టుకున్నాను, రాత్రి ఎలా గడిచినా సరే. మొదటి రెండు వారాలు చాలా కష్టంగా ఉంది, అబద్ధం చెప్పను. నిద్ర రాకపోతే పడక మీద దొర్లడం మానేసి, లేచి పక్క గదిలో మసక వెలుతురులో కూర్చునేవాణ్ణి. కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి పడకెక్కేవాణ్ణి. ఇవి నా సొంత ఆలోచనలు కావు. నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్సలో భాగాలు. హోరు వల్ల నిద్ర పట్టనివారి మీద లండన్‌లో దీన్ని ప్రత్యేకంగా పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. మామూలు ఆడియాలజీ సలహాల కన్నా ఇది నిద్రను బాగా మెరుగుపరిచింది. ఈ చికిత్స తెలిసిన సైకాలజిస్టు దొరికితే వదులుకోవద్దు.

పడకగదిలో సన్నగా వాన చప్పుడు పెట్టుకుంటాను. ఎంత సన్నగా అంటే, హోరూ వానా రెండూ వినిపించేంత. మొదట్లో హోరు మునిగిపోయేంత పెద్దగా పెట్టి పెద్ద పొరపాటు చేశాను. మెలకువ వచ్చి అది ఆగిపోయి ఉంటే, ఆ నిశ్శబ్దంలో కూత కత్తిలా తగిలేది. ఇప్పుడు చప్పుడు తెల్లవార్లూ ఒకే తీరున నడుస్తుంది, చెవిలో ఏమీ పెట్టుకోను, స్పీకరును మంచానికి రెండు అడుగుల దూరంలో ఉంచుతాను.

పగటి కునుకు పూర్తిగా మానేయమని మీకు చెప్పను. నేను మధ్యాహ్నం రెండు లోపే, వాలు కుర్చీలో తల ఎత్తుగా పెట్టుకుని, ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకుంటాను. గాఢనిద్రలోకి జారి మధ్యలో లేస్తే వచ్చే ఆ మొద్దుతనం, దాంతోపాటు వచ్చే కూత రెండూ ఇలా చాలావరకు తప్పాయి. ఒకవేళ పెరిగినా అరగంట, గంట నడిచేసరికి దిగుతుందని ఇప్పుడు తెలుసు కాబట్టి దాని వెంట పడను.

పనిచేయనివి కూడా చెప్పాలి. శబ్దం రాకుండా రాత్రి చెవుల్లో దూది, బిరడాలు పెట్టుకుని పడుకున్నాను, హోరు ఇంకా పెరిగింది. బిరడాలు పెద్ద శబ్దాలున్న చోట మాత్రమే వాడండి. మద్యం త్వరగా కునుకు పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. కాఫీ విషయంలో నేను చాలాకాలం అనవసరంగా నన్ను నేను శిక్షించుకున్నాను. మానేసినంత మాత్రాన హోరు తగ్గుతుందని పరీక్షల్లో తేలలేదు, ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి ఒకటి అదనం. సాయంత్రం తర్వాత తాగకపోతే నిద్రకు మేలు, అంతే. మెలటోనిన్, జింక్, గింకో లాంటి సప్లిమెంట్లను హోరుకు మందుగా వాడవద్దనే అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిద్రమాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

మీరు ఇంకా ఈఎన్‌టీ డాక్టరును కలవలేదని రాశారు. ఇదొక్కటే నన్ను కలవరపెట్టింది. నాలుగు నెలలైంది కాబట్టి ఒకసారి వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి తగ్గి ఉంటే వినికిడి యంత్రమే చాలామందికి హోరును కూడా తగ్గిస్తుంది. కూత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయలో దడదడమని వినిపించినా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయవద్దు. ఒక చెవికి ఒక్కసారిగా వినపడడం తగ్గితే మాత్రం అదే రోజు వెళ్లాలి. దానికి స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. ఇలాంటప్పుడు ‘నిద్ర చాలక కావచ్చు’ అనుకుని ఆగకండి. ఇక బతకలేననిపించేంత కుంగిపోతే డాక్టరుకు ఆ మాట దాచకుండా చెప్పండి, ఇంట్లో ఎవరో ఒకరికి ఆ రాత్రే చెప్పండి. నేను మూడో నెలలో మా అక్కకు ఫోను చేసి చెప్పాను. ఆమె ఏ సలహా ఇవ్వలేదు, తెల్లవారేదాకా ఫోను పెట్టేయలేదు.

ఈ వారం పుస్తకం మొదలుపెడితే, దవడ నొప్పి, గురక కోసం ఐదో గడి కూడా గీసుకోండి. నేను ఆ గడి గీసుకోకపోవడం వల్లే పళ్ల సంగతి రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది. నెల తర్వాత మీ పేజీల్లో ఏం కనిపించిందో ఇక్కడే రాయండి, తప్పకుండా చదువుతాను.