ఫోటోలో చేప గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాం. మీ అత్తయ్య చేపను చూసి మురిసిపోయింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని మిగతావన్నీ చూశాను. వెనక రాక్‌విల్ వంతెన రాతి కమానులు. నీ నీడ నీ కాళ్ళ కిందే ఉంది కాబట్టి నడి మధ్యాహ్నం, అదీ జులైలో. చేతులకు పొడి గ్లవ్స్. చేపను కింది దవడ పట్టుకుని గాలిలో వేలాడదీశావు. దాని పొట్టకు ఒకవైపు ఇసుక అంటుకుని ఉంది, అంటే ఫోటోకు ముందు అది ఒడ్డున పొర్లింది. వీటన్నిటి కింద ‘వదిలేశాను మామయ్యా’ అని గర్వంగా రాశావు.

వదిలావు, సంతోషం. అది ఆ సాయంత్రం దాకా బతికి ఉంటుందని మాత్రం నాకు నమ్మకం కలగలేదు. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. అందుకే డాలస్‌లో కూతురి ఇంట్లో ఏసీ కింద కూర్చుని, ఇరవై ఆరేళ్ళు పెన్సిల్వేనియాలో, సస్కెహానా నదిలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నేర్చుకున్నది నీకు రాస్తున్నాను.

హారిస్‌బర్గ్‌లో మొదటి వేసవిలో నేను చేపలు పట్టి వదిలేస్తున్నానని మీ అమ్మమ్మకు ఫోనులో చెబితే, ఆవిడ కాసేపు ఊరుకుని, “వదిలేసేదానికి పట్టడమెందుకురా?” అంది. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. జర్మనీలో అయితే వదిలేయాలనే ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని జంతు సంరక్షణ చట్టం కింద తప్పుగా చూస్తారు. అమ్మమ్మ, జర్మన్లు ఒకే మాట అంటున్నప్పుడు మనం కాస్త తగ్గి ఉండాలి. సరదా నాది, నొప్పి చేపది. కాబట్టి ఆ నొప్పిని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాల్సింది నేనే. నాకు తోచిన సమాధానం ఇంతవరకే.

నువ్వు పట్టింది స్మాల్‌మౌత్ బాస్. మన నదిలో అది తొందరగా పెరిగే చేప కాదు. పన్నెండు అంగుళాలు కావడానికే మూడు నాలుగేళ్ళు పడుతుంది. నీ చేతిలో ఉన్నది పద్దెనిమిది అంగుళాలైనా ఉంటుంది. నువ్వు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడే అది ఆ బండల మధ్య ఈదుతూ ఉండి ఉంటుంది. పైగా ఈ నది ఒక దెబ్బ తిన్నది. 2005 వేసవిలో సస్కెహానాలోనూ దానిలో కలిసే జునియాటాలోనూ ఆ ఏడాది పుట్టిన బాస్ పిల్లలు ఒంటి మీద పుండ్లతో చనిపోయి తేలాయి. తర్వాత కూడా కొన్నేళ్ళు అదే వరస. వేలెడంత పిల్లలు, ఒడ్డు పక్కన వేడెక్కిన లోతు లేని నీళ్ళలో, తెల్లటి మచ్చలతో. చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. అందుకే 2011లో అక్కడ చేపల వేట నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ఫిష్ అండ్ బోట్ కమిషన్, పట్టిన బాస్‌ను వెంటనే వదిలేయాలన్న నియమం పెట్టింది. నేను అక్కడ ఉన్న రోజుల్లో సన్‌బరీ దగ్గర నుంచి హోల్ట్‌వుడ్ డ్యామ్ దాకా అదే నియమం. చేపలు పట్టేవాళ్ళకోసం కమిషన్ వేసే నియమాల పుస్తకంలో ఈ ఏడాది ఏముందో చదువుకో. లైసెన్స్ కొని పుస్తకం తెరవనివాళ్ళు మన స్నేహితుల్లోనే నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళతో వెళ్ళకు.

చేప బతుకు సగం ఇంటి దగ్గరే తేలిపోతుంది. నీ పెట్టెలోని ఎరలన్నీ బల్ల మీద పోసి, పట్టకారు తీసుకుని, గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును నొక్కి చదును చెయ్యి. ‘చేప జారిపోదా?’ అంటావు. దారం వదులు కాకుండా చూసుకుంటే జారదు. నాలుగు జారినా నష్టం లేదు, ఎలాగూ వదిలేసేవే కదా! మూడు కొనల గాలాలుంటే తీసేసి ఒంటి గాలాలు బిగించు. మూడు కొనలది ఒకటి పెదవికి, ఒకటి కంటికి, ఒకటి నీ వేలికి దిగుతుంది. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ నువ్వు చూశావు కదా, అదే. వానపాము, బతికున్న క్రేఫిష్ (రొయ్య లాంటి మంచినీటి జీవి) లాంటి ఎరలను చేప మింగేస్తుంది, గాలం గొంతులోకి పోతుంది. రబ్బరు ఎర అయితే చాలాసార్లు పెదవి దగ్గరే ఆగుతుంది, అది కూడా లాగిన వెంటనే బిగిస్తేనే. ఫోను చూసుకుంటూ నిలబడ్డావా, రబ్బరు ఎర కూడా కడుపులోకి పోతుంది. సన్న దారంతో పెద్ద చేపను పావుగంట ఆడించి గొప్పలు చెప్పుకునేవాళ్ళు నీకు తగులుతారు. వాళ్ళ మాట వినకు. కాస్త బలమైన దారం కట్టి త్వరగా దగ్గరకు తెచ్చుకో.

వేసవి సంగతి. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. సస్కెహానా వెడల్పు చూస్తే గోదావరి గుర్తొస్తుంది కానీ, వేసవిలో చాలాచోట్ల లోతు నడుము దాకా కూడా ఉండదు. మధ్యాహ్నానికి బండలతో పాటు నీళ్ళూ కాగుతాయి. ఐదారు డాలర్ల థర్మామీటర్ ఒకటి కొని దారానికి కట్టి నీళ్ళలో వెయ్యి. 80 ఫారన్‌హీట్ దాటిందంటే గాలం చుట్టేసి ఇంటికి వెళ్ళి పడుకో. జులై, ఆగస్టుల్లో తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి ఎనిమిదిన్నరకల్లా వచ్చేయాలి. అప్పుడు నది మీద మంచు పొగలా కదులుతుంది, కొంగ తప్ప ఎవరూ ఉండరు. చేపలు కూడా అప్పుడే బాగా పడతాయి.

ఇక చేప దగ్గరకు వచ్చాక. గ్లవ్స్ తీసెయ్యి, చేతులు నీళ్ళలో ముంచి తడుపుకో. చేప ఒంటి మీద జిగురు ఉంటుంది చూడు, అది దానికి చర్మం మీద ఇంకో చర్మం. రోగాలు లోపలికి రాకుండా ఆపేది అదే. పొడి గుడ్డ, ఇసుక, ఎండకు కాలిన బండ, ఏది తగిలినా అది ఊడి వస్తుంది. చేపను నీళ్ళలోనే ఉంచి, పట్టకారుతో గాలం తిప్పి తీసెయ్యి. ముల్లు నొక్కేసిన గాలం అరక్షణంలో వచ్చేస్తుంది, చేపను ఎత్తే పనే ఉండదు. ఫోటో కావాలంటే ముందు స్నేహితుణ్ణి ఫోను పట్టుకుని సిద్ధంగా ఉండమను. అప్పుడు ఒక చెయ్యి దవడ దగ్గర, ఇంకో చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా ఎత్తు. పెద్ద చేపను దవడ పట్టి నిలువుగా వేలాడదీస్తే దాని బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. ఎత్తే ముందు నువ్వు కూడా ఊపిరి బిగపట్టు. నీకు ఊపిరి ఆడనప్పుడు దానికీ ఆడదు, దించెయ్యి. పోరాడి అలసిన చేపను గాలిలోకి ఎత్తడమంటే, పరుగు పందెం పూర్తి చేసినవాడి తలను బకెట్ నీళ్ళలో ముంచి ‘ఇటు చూసి నవ్వు’ అన్నట్టే.

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్ళిన మూడో ఏట డన్‌కానన్ దిగువన ఒక ఆడ బాస్ పడింది, సరిగ్గా ఇరవై అంగుళాలు. కెమెరా కారులో ఉంది. దాని దవడకు తాడు కట్టి ఒడ్డు పక్క నీళ్ళలో ఉంచి, గట్టెక్కి కారు దాకా వెళ్ళి వచ్చాను. తర్వాత పక్కన పడవవాణ్ణి పిలిచి, మెడ అటు, మెడ ఇటు, మూడు ఫోటోలు. వదిలితే మెల్లగా తోక ఆడించి వెళ్ళింది. ఎంత సంబరపడ్డానో! కాఫీ తాగి అరగంట తర్వాత కిందికి నడిస్తే, రెండు బండల మధ్య నురుగులో తెల్లటి పొట్ట పైకి తేలి ఉంది. దవడ మీద నా తాడు గుర్తు కూడా కనిపించింది. అవతలి ఒడ్డున చెట్టు మీంచి తెల్లతల గద్ద ఒకటి చూస్తోంది. నేను పక్కకు తప్పుకున్నాను, కనీసం దానికైనా అక్కరకొస్తుందని. ఆ ఫోటోను మీ అత్తయ్య ఫ్రేము కట్టించింది. నేనే తీసి అటక మీద పెట్టాను. ఈదుకుంటూ వెళ్ళినంత మాత్రాన బతికినట్టు కాదని ఆ రోజు తెలిసింది.

కాబట్టి వదలడం కూడా నేర్చుకోవాలి. నీళ్ళలోకి విసరకు. బండ వెనకాల నీరు నిదానంగా తిరిగే చోట, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి ఉంచు. ముందుకూ వెనక్కూ ఊపుతుంటారు కొందరు, అది తప్పు. వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్ళు తిరగబడతాయి. ఊరికే పట్టుకుని ఉంటే నీరే నోట్లోంచి మొప్పల మీదుగా పోతుంది. కాసేపటికి నీ చేతిలో దాని ఒళ్ళు బిగుసుకుంటుంది, తోక ఒక్కసారి కొట్టి నీ ముఖాన నీళ్ళు చిమ్మి మరీ పోతుంది. అలా చిమ్మించుకున్న రోజు నీ పని సరిగ్గా అయిందనుకో.

ఒక్కోసారి ఎంత జాగ్రత్తపడ్డా గాలం గొంతులోకి దిగుతుంది. మొదట్లో నేను లోపలికి వేళ్ళు పెట్టి పీకేవాణ్ణి, మొప్పల్లోంచి రక్తం వచ్చేది. అలా పీకకు. దారాన్ని గాలానికి వీలైనంత దగ్గరగా కత్తిరించి వదిలెయ్యి. చాలా చేపలు కొన్నాళ్ళకు ఆ ఇనుము ముక్కను తామే వదిలించుకుంటాయి. లాగిన గాయం మాత్రం తేలిగ్గా మానదు. వెంటనే వదలాలన్న నియమం ఉన్న చోట, చచ్చేలా ఉన్న బాస్‌ను కూడా ఇంటికి తేకూడదు. అది చేతుల్లోంచి జారి వెళ్ళడం చూడాల్సిందే. ఒకసారి చూశావంటే ఆపైన నువ్వు వానపాము జోలికి వెళ్ళవు.

మే నెల గురించి మాత్రం మాట ఇవ్వు. నీళ్ళు 60 ఫారన్‌హీట్‌కు చేరాక మగ బాస్ తోకతో గులకరాళ్ళు ఊడ్చి, భోజనాల పళ్ళెమంత గుండ్రటి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, కాపలా అంతా మగదే. నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్ళద్దాలతో చూస్తే రెక్కలు విసురుతూ అక్కడే నిలబడి కనిపిస్తుంది. ఆకలి వేసి కాదు, కోపంతో నీ ఎరను కొరుకుతుంది. అందుకే అప్పుడు పట్టడం బహు తేలిక. నువ్వు దాన్ని లాగి ఫోటో తీసే ఆ రెండు నిమిషాల్లో పక్కనే కాచుకున్న చిన్న చేపలు గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. నువ్వు దాన్ని ఎంత పువ్వులా వదిలినా అది తిరిగి వెళ్ళేసరికి గూడు ఖాళీ. మే 1 నుంచి జూన్ సగం దాకా బాస్ కోసం గాలం వేయడమే నిషేధించారు అప్పట్లో. నిషేధం ఉన్నా లేకున్నా నువ్వు వెయ్యకు.

మా ఊరి చెరువులో కొర్రమీను పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి మీద కదులుతుంటే, కింద తల్లో తండ్రో ఉంటుందని మా అందరికీ తెలుసు. ఆ గుంపులోకి కప్పను కట్టి గాలం వేసేవాళ్ళం. పిల్లల మీదికొచ్చిందన్న కోపంతో అది కప్పను అందుకునేది. అమ్మ పులుసు పెట్టేది, నేనూ మీ అమ్మా పోటీపడి తినేవాళ్ళం. మర్నాడు చెరువు మీద ఆ గుంపు ఉండేది కాదు. నాకు పదేళ్ళు, మీ అమ్మకు ఎనిమిది. గుంపు ఎక్కడికి పోయిందని ఇద్దరం అడగలేదు.

పులుసు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నది నుంచి ఏమీ తేవద్దని నా ఉద్దేశం కాదు. ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ ఈ నదిలో పరాయిది, కనిపించినదాన్నల్లా మింగుతుంది. దాన్ని పట్టావంటే వదలకు. ‘బాస్ మాత్రం ఇక్కడిదా?’ అని ఎదురు ప్రశ్న వేస్తావని తెలుసు. కాదు. 1854లో దాన్ని పొటోమాక్ నదికి రైలు ఇంజన్ నీళ్ళ తొట్టిలో పెట్టి కొండల అవతల నుంచి తెచ్చారు, సస్కెహానాకూ మనుషులే తెచ్చారు. అయితే నూట యాభై ఏళ్ళు కాపురం చేసిన కోడలిని ఇంకా బయటి పిల్ల అంటారా? కింది వైపు నదిలో నార్దర్న్ స్నేక్‌హెడ్ కూడా వచ్చింది. అది మన కొర్రమీనుకు స్వయానా దాయాది. పడిందంటే అక్కడే చంపెయ్యి, కమిషన్‌కు తెలియజెయ్యి, ప్రాణంతో బకెట్‌లో తీసుకెళ్ళడం నేరం. పెన్సిల్వేనియాలో మనం పట్టిన చేప ఏదైనా వారానికి ఒక పూటకు మించి తినవద్దని సలహా ఉంది, పాదరసం లాంటివి ఉంటాయి కాబట్టి. కొన్ని చోట్ల అంతకంటే కట్టడి. అది కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది, చూసి వండుకో.

ఒంటి మీద సిరా చల్లినట్టు నల్లటి మచ్చలున్న బాస్ పడితే కంగారుపడకు, ఈ నదిలో అలాంటివి తగులుతుంటాయి. మిగతా వాటిలాగే తడి చేత్తో వదిలెయ్యి.

నా పాత రబ్బరు వల మీ గ్యారేజీలో పార వెనక ఉంటుంది, డాలస్ వచ్చేటప్పుడు మీ ఇంట్లోనే వదిలి వచ్చాను. ముడులు వేసిన దారం వల వాడకు, రెక్కలు చీరుతుంది. ఎర్ర పిడి పట్టకారు కూడా అక్కడే ఉండాలి, తుప్పు పట్టి ఉంటే కొబ్బరి నూనె రాయి. శనివారం తెల్లవారుజామున వెళ్ళి, వచ్చాక నాకు ఫోను చెయ్యి. ఫోటో పంపేటట్లయితే చేప నీళ్ళలోనే ఉన్నది పంపు.

మీ అత్తయ్య ఆశీస్సులు.

మీ మామయ్య