సిగ్నల్ సగం అంటుంది, వాల్వ్ వినదు

ప్రశ్న: మాది బాయిల్డ్ రైస్ మిల్లు. వడ్లు నానబెట్టే ట్యాంకులకు వేడినీళ్లు పోయే లైనులో బటర్‌ఫ్లై వాల్వ్, దాని మీద ఎలక్ట్రిక్ యాక్చువేటర్ (వాల్వ్‌ను మోటారుతో తిప్పే పెట్టె) ఉన్నాయి. 12 మిల్లీయాంపియర్లు ఇస్తే సగం తెరుచుకోవాలి, 43 శాతం దగ్గరే ఆగుతోంది. స్పాన్ (పై కొసను సరిచేసే స్క్రూ) తిప్పి సరిచేస్తే నెల తిరక్కముందే మళ్లీ అదే కథ. సిగ్నల్ చదివి మోటారును నడిపే కార్డు మార్చేయాలా?
– ఎలక్ట్రీషియన్, కరీంనగర్ జిల్లా

జవాబు: కార్డు జోలికి ఇప్పుడే పోకండి. సరిచేసినప్పుడల్లా మళ్లీ ఒకే వైపు తప్పుతోందంటే లోపల ఏదో జారుతోందని ముందు అనుమానించాలి. యాక్చువేటర్ ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్ గేర్‌ను పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ), వాల్వ్ స్టెమ్ దగ్గర కప్లింగ్‌లోని కీ, బ్రాకెట్ బోల్టులు: ఈ మూడూ చూడండి. అవి వదులుగా ఉండగా స్పాన్ ఎన్నిసార్లు తిప్పినా నిలవదు.

పని మొదలుపెట్టే ముందు కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టి, ఆ లైను ఖాళీ చేయించి, సప్లై ఆపి తాళం వేయండి. తర్వాత హ్యాండ్‌వీల్‌తో వాల్వ్‌ను పూర్తిగా మూయండి. డిస్క్ ఎటు ఉందో స్టెమ్ కొన మీది గాడి చూసి తెలుసుకోవాలి. యాక్చువేటర్ పైమూత మీది సూచికను నమ్మొద్దు, కప్లింగ్ జారినా అది తన లెక్కే చూపిస్తుంది.

ముందు క్లోజ్ లిమిట్ స్విచ్ (మూసుకునే కొసలో మోటారును ఆపేది) క్యామ్‌ను ఈ స్థానంలో స్విచ్ తెగేలా బిగించండి. స్టాప్ బోల్ట్ ఆ తర్వాత ఒకటి రెండు డిగ్రీలకు తగలాలి. ఈ వరస తారుమారైతే మోటారు బోల్ట్‌ను గుద్ది ఆగిపోతుంది, వైండింగ్ వేడెక్కుతుంది. తెరిచే వైపూ ఇదే పద్ధతి. లాక్‌నట్ బిగించేటప్పుడు బోల్ట్ తోడుగా తిరగకుండా ఇంకో స్పానర్‌తో పట్టుకోండి.

ఇక పొటెన్షియోమీటర్. వైర్లు విప్పి, మధ్య కాలుకూ ఒక చివరి కాలుకూ మల్టీమీటర్ పెట్టి, హ్యాండ్‌వీల్‌ను మెల్లగా తిప్పుతూ ఓమ్స్ చూడండి. అంకె ఒకే తీరుగా పెరగాలి. మధ్యలో గెంతితే ట్రాక్ అరిగినట్టే, మార్చాల్సిందే. రెండు కొసల్లోనూ కొంత దారి మిగిలేలా గేర్‌ను కూర్చోబెట్టి, గ్రబ్ స్క్రూ బిగించి, పెయింట్‌తో గుర్తు పెట్టండి. మళ్లీ జారితే ఆ గుర్తే చెబుతుంది.

చాలామంది తప్పేది ఇక్కడే: ముందు ఫీడ్‌బ్యాక్ (వాల్వ్ ఎక్కడుందో చెప్పే సిగ్నల్), తర్వాతే కమాండ్ (వాల్వ్‌కు ఆదేశమిచ్చే సిగ్నల్). విప్పిన పొటెన్షియోమీటర్ వైర్లు కలిపి, సప్లై మళ్లీ ఇవ్వండి. మూసినప్పుడు 4, తెరిచినప్పుడు 20 మిల్లీయాంపియర్లు బయటికి వచ్చేలా ట్రాన్స్‌మిటర్‌ను సరిచేసి, ఆ తర్వాత లూప్ క్యాలిబ్రేటర్‌ను సోర్స్‌లో పెట్టి సిగ్నల్ ఇవ్వండి. కంట్రోలర్ నుంచి వచ్చే వైర్లు విప్పడం మరవొద్దు. 4 దగ్గర జీరో, 20 దగ్గర స్పాన్ సరిచేయండి. పాత కార్డుల్లో ఒకటి తిప్పితే రెండోది కదులుతుంది కాబట్టి రెండూ కుదిరేదాకా మళ్లీ మళ్లీ చూడాలి. చివరగా 4, 8, 12, 16, 20 ఇస్తూ పైకి వెళ్లి, అవే అంకెలతో కిందికి రండి. 0, 25, 50, 75, 100 శాతం రావాలి. ఎక్కేటప్పుడు 50, దిగేటప్పుడు 54 వస్తే తప్పు కార్డుది కాదు, కీలోనో గేర్లలోనో ప్లే (వదులు) ఉంది.

ప్రశ్న: స్టీమ్ వాల్వ్ యాక్చువేటర్ ఒక్క క్షణం నిలకడగా ఉండదు. తెరుస్తూ మూస్తూ కొట్టుకుని, మోటారు వేడెక్కి థర్మల్ స్విచ్ తెగుతోంది.
– టెక్నీషియన్, గోదావరిఖని

జవాబు: కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టి సిగ్నల్‌ను ఒకచోట నిలపండి. వాల్వ్ ఆగిందంటే కంట్రోలర్ ట్యూనింగ్ చూడాలి, లేదా గ్లాండ్ ప్యాకింగ్ (స్టెమ్ చుట్టూ లీకు ఆపేది) అతిగా బిగించి వాల్వ్ పట్టేస్తోంది. అప్పటికీ ఊగుతుంటే యాక్చువేటర్‌దో, దానికొచ్చే సిగ్నల్‌దో తప్పు. మొత్తం పరిధి 16 మిల్లీయాంపియర్లు, అంటే 1 శాతం 0.16. సిగ్నల్ వైరులోనే 0.2 అలజడి ఉంటే, డెడ్‌బ్యాండ్ (ఇంతలోపు తేడాకు మోటారు కదలదనే హద్దు) 1 శాతంలో పెట్టిన మోటారు ప్రతి అలకూ స్పందిస్తుంది. షీల్డ్‌ను రెండు చివర్లా ఎర్త్ చేశారేమో చూడండి, ఒక్క కొసలోనే ఉండాలి. పవర్ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో లాగి ఉంటే విడదీయండి. అది సరిచేశాకే డెడ్‌బ్యాండ్‌ను ముట్టుకోండి. 2 శాతానికి పెంచితే ఊగడం ఆగుతుంది గానీ ఉష్ణోగ్రత నియంత్రణ ఆ మేరకు మొద్దుబారుతుంది.

నేమ్‌ప్లేట్ కూడా చదవండి. ఎస్2–15 నిమిషాలు అని ఉంటే అది తెరిచి మూసే పనికి చేసిన మోటారు. నిరంతరం సర్దుకునే చోట ఎస్4 తరహా, గంటకు ఎక్కువ స్టార్టులు తట్టుకునేది కావాలి. తప్పు మోటారు పెట్టి ఉంటే క్యాలిబ్రేషన్ కాపాడదు.

ప్రశ్న: మూడు ఫేజుల మోటారుకు కేబుల్ మార్చాక మొదటిసారి ఎలా నడపాలి?
– డిప్లొమా విద్యార్థి, భూపాలపల్లి

జవాబు: హ్యాండ్‌వీల్‌తో వాల్వ్‌ను సగంలో పెట్టి, ‘ఓపెన్’ బటన్ ఒక్క క్షణం నొక్కి చూడండి. మూసుకునే వైపు కదిలితే వెంటనే ఆపి, సప్లై తీసి, ఏవైనా రెండు ఫేజులు మార్చండి. ఫేజులు తిరగబడితే ఓపెన్ సర్క్యూట్‌లోని లిమిట్ స్విచ్ తెరుచుకునే కొసలో కాచుకుని ఉంటుంది, వాల్వేమో మూసుకునే కొసకు పరుగెడుతుంది. ఆపేవాళ్లుండరు, స్టెమ్ వంగుతుంది. కొన్ని కొత్త రకాలు ఫేజును తామే సరిచేసుకుంటాయి, అయినా సగంలో నుంచే మొదలుపెట్టండి. కేబుల్ గ్లాండ్ బిగించే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి తీసుకురండి, వాన నీళ్లు ఆ వంపు నుంచి జారిపోతాయి గానీ టెర్మినల్ బాక్సులోకి రావు.