తెలుగిల్లు, గ్రీన్‌ల్యాండ్ ఇల్లు

సందేహం: గ్రీన్‌ల్యాండ్ గురించి వార్తలు చదువుతుంటే, అక్కడి భాషలోనూ ఇంటిని ‘ఇల్లు’ అనే అంటారని తెలిసింది. రెండూ ఒకటేనా? ఆ మాటకు విభక్తులుంటాయా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మంచి ప్రశ్న వేశారు. అర్థం ఒకటే, ధ్వని దాదాపు ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. సాక్ష్యం వాళ్ల పాత రాతలోనే ఉంది. 1851లో ఆ భాషకు వ్యాకరణం రాసిన సామ్యూల్ క్లైన్‌ష్మిత్ పద్ధతిలో ఈ మాట ‘ఇగ్‌ద్లొ’. 1973లో రాత మార్చుకున్నాకే ‘ఇల్లు’ అయింది. దీనికి చుట్టమైన భాషలు మాట్లాడే కెనడా ఇనుయిట్ జనంలో చాలామంది ఇప్పటికీ ‘ఇగ్లు’ అనే అంటారు. అంటే అసలున్నది ‘గ్ల’. గ్రీన్‌ల్యాండ్‌లో అది కరిగి ద్విత్వమైంది. మన మాటకు మూలం ‘ఇల్’. తమిళంలో ఇల్, మలయాళంలో ఇల్లం, మనకు ఇల్లాలు, ఇలవేల్పు. వీటిలో ఎక్కడా గకారం జాడ లేదు. పైగా వాళ్ల ‘ల్ల’ పలకాలంటే నాలుకను లకారం చోట ఆనించి, గొంతు కంపించకుండా గాలి వదలాలి. దానికి మన దగ్గర అక్షరం లేదు. నేను ‘ఇల్లు’ అనే రాస్తున్నాను. ఇంతకన్నా మంచి దారి ఎవరైనా చూపితే కాదనను.

ఇగ్లూ అంటే మంచుగడ్డల గుడిసె అని మనవాళ్లు పిల్లలకు నేర్పేస్తారు. అది సగమే నిజం. వాళ్లకు చెక్కదైనా రాయిదైనా ఏ ఇల్లయినా ఇల్లే. మంచు గుడిసెకు గ్రీన్‌ల్యాండ్‌లో ‘ఇల్లుయిగక్’ అని వేరే మాట ఉంది. ఇళ్లున్న చోటు ‘ఇల్లొకర్ఫిక్’, అంటే పట్టణం. ఇలులిస్సత్ అనే ఊరి పేరులో మాత్రం ఇల్లు వెతకకండి. ఆ మాటకు మంచుకొండలని అర్థం.

ఇక విభక్తులు. ఇల్లుమి అంటే ఇంట్లో, ఇల్లుముత్ ఇంటికి, ఇల్లుమిత్ ఇంటినుంచి, ఇల్లుక్కుత్ ఇంటి గుండా. మనలాగే ప్రత్యయం వెనక చేరుతుంది. విల్లు వింటి, ఒళ్లు ఒంటి అయినట్టు మన ఇల్లు ఇంటి అవుతుంది. వాళ్లది అలా మారదు. ‘ఇల్లుకి వెళ్లాను’ అని చదువుకున్నవాళ్లే రాస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. ‘ఇంటికి’ అనడానికి ఏం బరువు?

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మరొకటి. గ్రీన్‌ల్యాండ్ భాషలో ఇల్లు ఎవరిదో కూడా ఆ మాట చివరే తెలిసిపోతుంది. ఇల్లుగ నా ఇల్లు, ఇల్లుత్ నీ ఇల్లు (ఇళ్లు అన్నా ఇదే రూపం). ప్రథమ పురుషలో రెండు దారులున్నాయి. ‘ఇల్లుని తకుఆ’ అంటే తన ఇల్లు తాను చూశాడని. ‘ఇల్లుఅ తకుఆ’ అంటే చూసింది వేరొకరి ఇల్లు. ఇంటికి అనాలన్నా అంతే: తన ఇంటికైతే ఇల్లుమినుత్, వేరే అతని ఇంటికైతే ఇల్లుఅనుత్. వినేవాడికి అనుమానమే రాదు.

ఇది మనకు కొత్త కాదమ్మా. ‘రవి తన ఇంటికి వెళ్లాడు’, ‘రవి అతని ఇంటికి వెళ్లాడు’ – ఈ రెండూ ఒకటి కావని మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటిదాంట్లో ఇల్లు రవిది, రెండోదాంట్లో మరెవరిదో. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. ఇంగ్లీషు వార్తలను హడావిడిగా తెలుగు చేసేవాళ్లు ‘మంత్రి అతని కార్యాలయంలో మాట్లాడారు’ అని రాస్తున్నారు. ఎవరి కార్యాలయం? గ్రీన్‌ల్యాండ్ జనాభా సుమారు 56 వేలు. అంత చిన్న జనం ఈ తేడాను నిత్యం మాట్లాడే భాషలో నిలబెట్టుకున్నారు. 2009లో తమ భాషనే ఏకైక అధికార భాషగా చేసుకున్నారు. కోట్లమంది ఉన్న మనం ‘తన’ను ఎందుకు వదులుకోవాలి?

అయితే ‘తన’ ఉన్నచోటల్లా అనుమానం తీరుతుందని గట్టిగా చెప్పలేను. ‘రవి సీతను తన ఇంటికి పంపాడు’ అన్నప్పుడు ఇల్లు రవిదని నేననుకుంటాను, మీరు సీతదని అనుకోవచ్చు. మాటల్లో ఈమధ్య ఎవరినైనా ‘తను’ అనేస్తున్నాం, దానివల్ల చిక్కు ఇంకా పెరిగింది. అలాంటి చోట పేరే మళ్లీ రాయండి.