లుసిక్క: చెంచాలో దాగిన పాత అచ్చులు

ప్రశ్న: ఫిన్నిష్‌లో చెంచాను ‘లుసిక్క’ అంటారనీ, రష్యన్‌లో ‘లోష్క’ అంటారనీ చదివాను. ఈ పోలిక యాదృచ్ఛికమా? కాకపోతే ఎవరి మాటను ఎవరు తీసుకున్నట్టు?

జవాబు: యాదృచ్ఛికం కాదు. ఫిన్నిష్ యురాలిక్ కుటుంబానికీ, రష్యన్ ఇండో-యూరోపియన్ కుటుంబానికీ చెందినవి కనుక ఇది వారసత్వంగా వచ్చిన పోలికా కాదు. రష్యన్ల పూర్వీకులైన స్లావుల నుంచి ఫిన్నిష్ తీసుకున్న ఆదానపదం, అంటే అరువు మాట. ఎస్టోనియన్‌లోనూ ఇదే మాట ‘లుసికస్’ రూపంలో ఉంది.

అయితే నేటి రష్యన్ రూపం నుంచి దీన్ని సాధించబోతే లెక్క కుదరదు, ఎందుకంటే ‘లోష్క’లో ఉన్నవి రెండు అచ్చులే. రష్యన్‌కు పూర్వరూపమైన ప్రాచీన తూర్పు స్లావిక్‌లో ఈ మాటకు మూడు అచ్చులుండేవి. వాటిలో మొదటి రెండూ అతిహ్రస్వాలు, ఒకటి ‘ఉ’కూ రెండోది ‘ఇ’కీ దగ్గరగా పలికేవి. 11–13 శతాబ్దాల మధ్య అలాంటి అచ్చులు కొన్నిచోట్ల లోపించి, కొన్నిచోట్ల ‘ఒ’, ‘ఎ’లుగా మారడంతో, ఈ మాటలో మొదటిది ‘ఒ’ అయింది, రెండోది జారిపోయింది. ఆ మార్పు జరగకముందే మాటను అందుకున్న ఫిన్నిష్‌లో ‘ఉ’, ‘ఇ’ రెండూ ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తాయి. కిటికీ మాటా ఇలాంటిదే: రష్యన్‌లో ‘ఒక్నో’ అయితే, ఫిన్నిష్ మాండలికాల్లో ‘అక్కున’. నడుమ నిలిచిన ఆ ‘ఉ’ పాత స్లావిక్ అచ్చే. నాకు అన్నిటికన్నా గట్టిగా తోచే సాక్ష్యం ఇది.

హల్లుల సంగతి సులువు. స్లావిక్ మాటలోని నాదయుక్తమైన ఊష్మం (ఇంగ్లీషు ‘ప్లెజర్’ నడుమ వినిపించే ధ్వని) ఫిన్నిష్‌లో లేదు కనుక ‘స’ వచ్చింది, ‘క’ ద్విత్వమైంది. అటుపైన మాట పూర్తిగా ఫిన్నిష్ వ్యాకరణానికి లొంగిపోయి, షష్ఠిలో ద్విత్వం పోయి ‘లుసికన్’ అవుతుంది. ఎవరైనా చనిపోతే ‘చెంచాను మూలకు విసిరాడు’ అనే నుడికారం కూడా పుట్టింది!

ఫోర్కుకు వాడే ‘హారుక్క’ను చూసి రెండింటి చివరా ఒకే ప్రత్యయం ఉందనుకోవడం పొరపాటు. అది కొమ్మ, పాయ అనే అర్థాలున్న ‘హార’ నుంచి ఫిన్నిష్‌లోనే తయారైన మాట. గరిటెకు వాడే ‘కౌహ’ మాత్రం అరువే, పైగా ‘లుసిక్క’ కంటే పాతది. బాల్టిక్ భాషల నుంచి వచ్చింది. లిథువేనియన్‌లో నేటికీ అది ‘కౌషస్’. అక్కడి ‘ష’ ఫిన్నిష్‌లో ‘హ’ అయిన తీరునే, ఎండుగడ్డికి లిథువేనియన్‌లో ఉన్న ‘షియెనస్’ ఫిన్నిష్‌లో ‘హెయ్న’ అయింది.