ఈజిప్టు వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయ్,

నువ్వు వాట్సాప్‌లో పంపిన టూరు కాగితం రెండుసార్లు చదివాను. ఎనిమిది రోజులు, పద్నాలుగు చోట్లు. "అత్తా, ఎలా ఉంది?" అని అడిగావు. బాగాలేదు. ఇంకా డబ్బు కట్టలేదన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను మొదటిసారి వెళ్లింది సరిగ్గా ఇలాంటి కాగితం పట్టుకునే. బస్సులో నలభై రెండు మందిమి. కర్నాక్ గుడికి మాకు ఇచ్చింది నలభై నిమిషాలు. అక్కడి స్తంభాల మండపంలో 134 స్తంభాలున్నాయి. నడిమి వరసల్లో ఉన్న 12 స్తంభాలు ఒక్కోటీ 21 మీటర్ల ఎత్తు. నేను తల పైకెత్తి ఆ పైన మిగిలిన రంగులు చూడటం మొదలుపెట్టానో లేదో, "టైమైపోయింది, పదండి" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఒక పపైరస్ షాపులో, ఇంకో అత్తరు షాపులో కలిపి రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. అలాంటి షాపుల్లో తీసుకొచ్చినవాళ్లకి కమీషన్ ముడుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు రాత్రి హోటల్లో నాకు ఏడుపొచ్చింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత తీసి వెళ్లాను మరి. రెండోసారి పన్నెండుమంది ఉన్న చిన్న బ్యాచ్‌తో వెళ్తే అదే కర్నాక్‌లో మూడు గంటలున్నాం. అది వేరే కర్నాక్.

అందుకని ఏజెంటుని ఏయే చోట్లు చూపిస్తారని అడగొద్దు. ఒక్కోచోట ఎన్ని గంటలు ఉంచుతారో అడుగు, కాగితం మీద రాసిమ్మను. గ్రూపులో ఎంతమందో అడుగు. పదిహేను దాటితే వెనకున్నవాళ్లకి గైడు మాట వినపడదు, చెవిలో పెట్టుకునే రిసీవర్లు ఇస్తారేమో కనుక్కో. కైరో నుంచి అస్వాన్ దాకా ఒకే గైడు ఉంటాడా, ఊరూరికీ మారతాడా అన్నది కూడా తేల్చుకో. అక్కడ లైసెన్సున్న ఆ దేశపు గైడే చెప్పాలి. మన ఊరినుంచి వచ్చే టూర్ మేనేజరు లగేజీ, భోజనాలు చూస్తాడు, చరిత్ర ఆయన పని కాదు. షాపుల దగ్గర ఆపకూడదని గ్రూపంతా కలిసి ముందే చెప్పండి. కొనాలనిపించినవాళ్లు సాయంత్రం బజారుకెళ్లి కొనుక్కుంటారు.

ఇక పిరమిడ్లు చూసే వరస. నీ కాగితంలో మొదటిరోజే గీజా పెట్టారు, దహ్షూర్ అసలు లేనే లేదు. అడిగి మార్పించు. ముందు సక్కారా, తర్వాత దహ్షూర్, ఆ తర్వాతే గీజా. ఎందుకంటే పిరమిడ్లు కట్టింది ఆ వరసలోనే. సక్కారాలో జోసెర్ రాజుది మెట్ల పిరమిడ్. ఒకదాని మీద ఒకటి ఆరు అరుగులు పేర్చినట్టుంటుంది. కట్టించినవాడు ఇమ్‌హోతెప్ అని చెబుతారు. దహ్షూర్లో స్నెఫ్రు రాజు కట్టించిన వంగిన పిరమిడ్ చూడు. దాదాపు 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టి, సగం పైకొచ్చాక 43కి తగ్గించారు. అంత నిటారుగా పోతే నిలవదని కడుతుండగానే తెలిసొచ్చింది. పక్కనే అదే రాజుది ఎర్ర పిరమిడ్. ఈసారి మొదటినుంచీ 43 డిగ్రీలే. ఆయన కొడుకే ఖుఫు. గీజాలో 146 మీటర్ల ఎత్తున, ఒక్క వంకర లేకుండా కట్టించాడు. తాత ముత్తాతల తప్పులు ఎక్కడెక్కడ దిద్దుకుంటూ వచ్చారో కళ్లతో చూశాక గీజా ముందు నిలబడితే, 'గ్రహాంతరవాసులు కట్టారు' అనే యూట్యూబ్ కబుర్లు ఇక చెవికెక్కవు.

పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్లాలా అని అడుగుతావు. నువ్వు వెళ్లు, మీ అమ్మ వద్దు. దారి చాలా చోట్ల నడుం వంచే నడవాలి, లోపల ఉక్క, మోకాళ్లు పట్టేస్తాయి. పైన రాజుగారి గదిలో బొమ్మలూ రాతలూ ఏమీ ఉండవు, మూతలేని గ్రానైటు పెట్టె ఒకటుంటుంది. ఆ గ్రానైటు అస్వాన్ నుంచి నైలు మీద పడవల్లో తెచ్చింది. అస్వాన్‌లో ఆ క్వారీ చూసినప్పుడు ఈ గది గుర్తు తెచ్చుకో.

సక్కారాలో మాత్రం ఒక్కటి వదలకు. రాజులది కాదు, టి అనే ఒక పెద్ద ఉద్యోగి సమాధి. తెరిచి ఉంటే తప్పకుండా వెళ్లాలని గైడుకి మొదటిరోజే చెప్పిపెట్టు. లోపల ఒక గోడ మీద ఆవులు కాలవ దాటుతున్న బొమ్మ చెక్కి ఉంది. ముందు నడిచే పశువుల కాపరి ఒక చిన్న దూడని వీపు మీద మోస్తున్నాడు, నీళ్లు లోతని. ఆ దూడ మెడ తిప్పి వెనక తల్లివైపు చూస్తోంది. తల్లి మోర చాచి అరుస్తూ వస్తోంది. నీళ్లలో ఉన్న కాళ్లు కూడా కనపడేటట్టు చెక్కారు. 4,400 ఏళ్లకు అటూఇటూగా అయింది అది చెక్కి. మా నాన్న గోలివాగు దాటించేటప్పుడు దూడని అచ్చం అలాగే మోసేవాడు. ఆ గోడ ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు. గ్రూపు బయటికి వెళ్లిపోయినా గైడు నా కోసం ఆగాడు, తొందరపెట్టలేదు. మంచి గైడంటే నా లెక్కలో అదీ.

వెళ్లేలోపు ఒక వారం, రోజుకు పది నిమిషాలు పాత ఈజిప్టు బొమ్మల లిపి మీద పెట్టు. మొత్తం నేర్చుకోనక్కర్లేదు. పొడుగు గుండ్రపు గీత మధ్య రాసింది రాజు పేరు, దాన్ని కార్టూష్ అంటారు. మనుషుల బొమ్మలూ పక్షులూ ఎటు మొహం పెట్టి ఉంటే అటునుంచి చదవడం మొదలుపెట్టాలి. సూర్యబింబం, కింద పేడపురుగు, దాని కింద మూడు గీతలు, అడుగున గిన్నెలాంటి బుట్ట కనపడితే అది టుటాంఖమూన్ సింహాసనమెక్కాక పెట్టుకున్న పేరు, నెబ్‌ఖెపెరురే. కైరో కొత్త మ్యూజియంలో (గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం) ఆయన సామాను అయిదు వేలకు పైగా ఉంది. పెట్టె మీద, గొలుసు మీద, కుర్చీ మీద ఆ పేరు నీ అంతట నువ్వు పట్టుకున్నప్పుడు ఆ సంతోషమే వేరు. ఆ మ్యూజియానికి కనీసం ఒక పూట అడుగు. రాజుల మమ్మీలు అక్కడ లేవు, 2021లో తహ్రీర్ దగ్గరి పాత మ్యూజియం నుంచి ఫుస్తాత్ వైపున్న నాగరికతా మ్యూజియానికి ఊరేగింపుగా తరలించారు. ఆ మమ్మీల దగ్గర గట్టిగా మాట్లాడొద్దు, ఫోటోలొద్దు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీని నీ చిన్నప్పుడు చూపించాను, గుర్తుందా? భయపడి నా కొంగు పట్టుకున్నావు.

లక్సోర్‌లో రాజుల లోయకి పొద్దున్నే, తలుపులు తీసే వేళకే వెళ్లాలి. పది దాటితే ఎండా జనమూ రెండూ తట్టుకోలేం. మామూలు టికెట్టుకి మూడు సమాధులు. గైడు లోపల మాట్లాడకూడదు, చెప్పేదంతా బయటే చెబుతాడు. అందుకే అప్పుడు ఫోను లోపల పెట్టి ఆయన మాట విను, విననివాళ్లు లోపలికెళ్లి రంగులు చూసి వచ్చేస్తారు, అంతే. టుటాంఖమూన్‌కి, మొదటి సేతికి, ఆరో రామ్సెస్‌కి విడి టికెట్లు. టుటాంఖమూన్ సమాధి చిన్నది, కానీ ఆ పిల్లవాడు ఇప్పటికీ అక్కడే పడుకుని ఉన్నాడు. డబ్బు చూసుకుని ఒకటే ఎంచుకోవాలంటే ఆరో రామ్సెస్‌ది ఎంచుకో. కప్పు మీద ఆకాశదేవత నూట్ ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగి ఉంటుంది. సాయంత్రం సూర్యుణ్ణి మింగి, తెల్లవారి మళ్లీ కంటుంది.

దగ్గర్లోనే దెయిర్ ఎల్ మదీనా అని, ఆ సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరుంది. చాలా టూర్లలో ఉండదు. గంట చాలు, అడుగు. మూడో రామ్సెస్ కాలంలో రేషన్ ధాన్యం రాలేదని వాళ్లు పని మానేసి గుళ్ల వెనక వెళ్లి కూర్చున్నారు. రాతల్లో దొరికిన మొదటి సమ్మె అదేనంటారు. అక్కడ సెన్నెద్జెమ్ అనే పనివాడి సమాధిలో పరలోకంలో కూడా మొగుడు నాగలి పట్టి దున్నుతుంటే పెళ్లాం వెనకే విత్తనాలు చల్లుతూ ఉంటుంది.

ఇప్పుడు అబూ సింబెల్ గుడి సంగతి. అస్వాన్ నుంచి 280 కిలోమీటర్లు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాలి. గ్రూపులో సగంమంది "అంత దూరమా, నిద్రపోదాం" అంటారు. నువ్వు వెళ్లు. అస్వాన్ దగ్గర నైలుకి పెద్ద డ్యామ్ కడుతుంటే ఆ గుడి మునిగిపోతుందని 1964 నుంచి 1968 దాకా కొండని ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి తెచ్చి మళ్లీ కూర్చారు. అస్వాన్ పక్కన ఫైలే గుడినీ అలాగే ఇంకో లంక మీదికి మార్చారు. ఇది విన్నప్పుడు గ్రూపులో మిగతావాళ్లు ఆశ్చర్యపోయారుగానీ నాకు మన కొండే కళ్లముందు నిలిచింది. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేసిన ఆ రోజుల్లో, నీళ్లు నిండేలోపు లోయంతా తవ్వి, స్తూపాలనీ చైత్యాలనీ తెచ్చి కొండ మీదా అనుపులోనూ మళ్లీ కట్టలేదూ? ఆ కొండే ఇప్పుడు లంక. లాంచీలో వెళ్తుంటే మా అమ్మ నీళ్లలోకి చూపించి "ఊళ్లన్నీ ఈ కిందే ఉన్నాయే" అనేది. అబూ సింబెల్ దగ్గర ఆ సరస్సు చూస్తుంటే అదే మాట వినపడింది. అక్కడ తరతరాలుగా ఉన్న నూబియన్ల ఊళ్లు ఆ నీళ్ల కిందే ఉన్నాయి. గుళ్లు మార్చిన సంగతి గైడు చెబుతాడు, ఊళ్లు పోయినవాళ్ల సంగతి నువ్వు అడుగు. అస్వాన్‌లో నూబియా మ్యూజియం ఉంది, అక్కడికీ వెళ్లండి.

ఎడారి గురించి జాగ్రత్తగా రాస్తాను. నీ కాగితంలో 'తెల్ల ఎడారిలో ఒక రాత్రి' అని ఉంది. బహరియా ఒయాసిస్ దాటి ఫరాఫ్రా వైపు వెళ్లాలి. అక్కడికి ప్రభుత్వ పర్మిట్ కావాలి, ఒక్కోసారి ఇవ్వరు. పర్మిట్ మా పేరు మీద వచ్చిందా, కాగితం చూపించండి అని అడుగు. 'అక్కడికెళ్లాక చూసుకుందాం' అంటే ఆ రాత్రి మానుకోండి. దానికి బదులు కైరో నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చే వాది అల్ హితాన్ ఉంది, తిమింగలాల లోయ. ఇసుకలో తిమింగలాల ఎముకలు వరసగా పడి ఉంటాయి, దాదాపు నాలుగు కోట్ల ఏళ్లనాటివి. చిన్న చిన్న వెనక కాళ్లు కూడా ఉన్నాయి వాటికి. నేల మీద నడిచిన జంతువు సముద్రంలోకి వెళ్లిందనడానికి రుజువు అలా ఎండలో పడి ఉంది. రాళ్లూ శిలాజాలూ ఒక్కటి కూడా ఏరొద్దు.

పర్మిట్ దొరికితే మాత్రం తెల్ల ఎడారి వదలొద్దు. జీపు దిగి చూస్తే పుట్టగొడుగుల్లా, పక్షుల్లా తెల్లటి దిబ్బలు. అదంతా సుద్ద. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నది, గాలి కోసి కోసి అలా మిగిల్చింది. ముప్ఫై నాలుగేళ్లు క్లాసులో సుద్దముక్క పట్టుకున్నదాన్ని. ఒక దిబ్బ మీద చెయ్యి పెడితే అరచేతికి తెల్లగా అంటింది, తుడుచుకోబుద్ధి కాలేదు. వాటిమీద ఎక్కకూడదు, పేర్లు గీకకూడదు, మీ గ్రూపు కుర్రాళ్లకి ముందే చెప్పు. డిసెంబరు రాత్రి అక్కడ గడగడలాడించే చలి. స్వెట్టరు, మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు పెట్టుకో. భోజనాలయ్యాక దీపాలన్నీ ఆర్పమని బెదూయిన్ (ఎడారి తెగ) డ్రైవర్లని అడగండి, వాళ్లే సంతోషిస్తారు. అప్పుడు నక్కలొస్తాయి, పెద్ద చెవులవి. అన్నం పెట్టొద్దు, చూస్తూ ఊరుకోండి. రాత్రి బయటికెళ్లాల్సి వస్తే ఒంటరిగా వద్దు, టార్చి పట్టుకుని, జీపు కనపడేంత దూరంలోనే.

చిన్నాచితకా సంగతులు కొన్ని. ఒంటె ఎక్కేముందే రేటు మాట్లాడుకో, దింపడానికి కూడా కలిపేనని గట్టిగా అనిపించుకో. బాత్రూముల దగ్గర, గుళ్లలో బక్షీష్ కోసం ఓ పది చిన్న నోట్లు జేబులో పెట్టుకో. పెద్ద చోట్ల టికెట్టుకి కార్డే తీసుకుంటారు. గైడుకి, డ్రైవరుకి, పడవవాళ్లకి ఇచ్చే టిప్పులు గ్రూపంతా మొదటిరోజే పోగుచేసి ఒకరి చేతిలో పెడితే చివర్లో మొహమాటాలుండవు. చెప్పిన టైముకి బస్సెక్కు. నువ్వు పది నిమిషాలు ఆలస్యమైతే పదిహేనుమంది గుడిలో ఉండాల్సిన పది నిమిషాలు పోతాయి.

తిండికి ఇబ్బంది లేదు. కొషరీ అని అన్నం, పప్పు, మాకరోనీ, వేయించిన ఉల్లిపాయలు కలిపి పెడతారు, మీ అమ్మ కూడా తింటుంది. పొద్దున ఫూల్, తామియా అడగండి, రెండూ బాకలా (చిక్కుడు లాంటివి) గింజలతో చేసినవే. ఆవకాయ సీసా ఒకటి లగేజీలో పెట్టుకో, చేతిసంచిలో కాదు.

ఏజెంటు ఆ గంటల లెక్క, పర్మిట్ సంగతి రాసి పంపగానే నాకు పంపించు. చదివి చెబుతాను, అప్పుడు డబ్బు కట్టండి. అస్వాన్ బజారులో కర్కడే అమ్ముతారు. మన ఎర్ర గోంగూర కాయ మీద తొడుగుంటుందే, అదే ఎండబెట్టింది, షర్బత్ చేసుకుంటారు. పొడి తేవద్దు. తొడుగులు విరగకుండా, నల్లటి ఎరుపు రంగులో ఉన్నవి చూసి నాకు అరకిలో పట్రా.

మీ అత్త
మాచర్ల