పెళ్లికి ఐదు లక్షల అప్పు చేయమంటారా?

ప్రశ్న: నా వయసు 27. ఏలూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జీతం 24 వేలు. నేను చేసుకోబోయే అబ్బాయికి 31 వేలు వస్తుంది. కట్నం మాట లేదు, పెళ్లి ఖర్చు చెరి సగం అనుకున్నాం. ఇద్దరి దగ్గరా కలిపి 3.6 లక్షలు ఉన్నాయి. నాన్నగారు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఆయన దాచుకున్నది ముట్టుకోవడం నాకిష్టం లేదు. ఇంట్లో మాత్రం 600 మందిని పిలవాల్సిందే అంటున్నారు. మాఘమాసంలో ముహూర్తం చూస్తున్నారు. 14 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. తీసుకోమంటారా? తక్కువలో చేస్తే పెళ్లి వెలితిగా ఉంటుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: వద్దమ్మా, ఆ లోన్ జోలికి వెళ్లకండి. 5 లక్షలు 14 శాతానికి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 11,630 రూపాయల కిస్తీ పడుతుంది. అంతా కట్టేసరికి దాదాపు 6.98 లక్షలు అవుతుంది. ఇప్పుడు ఇద్దరి జీతాల్లో ఐదో వంతే కదా అనిపించవచ్చు. ఈ ఐదేళ్లలో పాపో బాబో పుట్టి మీరు కొన్నాళ్లు ఉద్యోగం మానాల్సి వస్తే, అద్దె, పాలు, మందులు, ఈ కిస్తీ అన్నీ ఆ 31 వేల మీదే పడతాయి. పీఎఫ్‌లోంచి పెళ్లి పేరు చెప్పి కొంత తీసుకునే వీలుంది. దాన్ని కూడా కదపకండి.

ఉన్న 3.6 లక్షల్లో 80 వేలు పక్కన పెట్టేయండి. కొత్త కాపురానికి అడ్వాన్సు, గ్యాసు, గిన్నెలు అందులోంచే రావాలి. పెళ్లికి మిగిలేది 2.8 లక్షలు. చదివింపులు వస్తాయిలే అన్న ధీమాతో ఖర్చు పెంచొద్దు. అవి చేతికొచ్చేసరికి వంటవాళ్లకూ మండపానికీ డబ్బు కట్టేసి ఉంటారు. పైగా రేపు వాళ్లింట్లో పెళ్లికి అంతకు ఓ వంద కలిపి తిరిగి చదివించాల్సిందే.

ఇక అసలు సంగతి, ఆ 600. మీ ఊళ్లో వంటవాళ్లు ప్లేటుకు 400 చెప్పారనుకుందాం. 600 మందికి ఒక్కపూట భోజనమే 2.4 లక్షలు. అంతమంది పట్టే హాలు, కుర్చీలు, కార్డులు, బస్సులు అన్నీ ఆ అంకెతోపాటే పెరుగుతాయి. అదే 220 మందైతే భోజనం 88 వేలతో తేలిపోతుంది. పూల డెకరేషన్‌లో రెండు వేలు, కార్డులో ఐదు రూపాయలు తగ్గించాలని తిరగడం కంటే ఇంట్లో అందరూ ఒక సాయంత్రం కూర్చుని పేర్లు రాసుకోండి. పిలవకపోతే మనకు బాధ అనిపించేవాళ్లు ఒక కాగితం మీద, పిలవకపోతే వాళ్లు ఏమనుకుంటారో అనిపించేవాళ్లు ఇంకో కాగితం మీద. నాన్నగారి డిపో వాళ్లు, వీధిలో వాళ్లు రెండో కాగితంలోకి వస్తే, పెళ్లయ్యాక ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని ఆ సాయంత్రం రమ్మనండి. ప్రసాదం, తాంబూలం, కాఫీ చాలు. పెద్దాయన మాటా పోదు.

వంటవాళ్లతో బేరంలో ఒక కిటుకు ఉంది. ఎన్ని ప్లేట్లకు మాట్లాడుకుంటే అన్నింటికీ డబ్బు కట్టాలి, మనుషులు వచ్చినా రాకపోయినా. అందుకని 220 మంది వస్తారనుకుంటే 195కి ఖాయం చేసుకుని, ఆపైన ప్లేటుకు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. ముహూర్తం పగటిపూటైతే ఉదయం టిఫిన్, ఒక భోజనంతో సరిపోతుంది. అర్ధరాత్రి ముహూర్తానికి రాత్రి భోజనం, లైటింగ్, చుట్టాలకు గదులు, మర్నాడు మళ్లీ టిఫిన్ తోడవుతాయి. పంతులుగారు రెండు మూడు తేదీలు చెబితే, ఆదివారం కానిది, పగటిపూటది తీసుకోండి.

వేదిక కోసం ఏలూరు ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరిగే ముందు ఒకసారి ద్వారకా తిరుమల వెళ్లి దేవస్థానం ఆఫీసులో కల్యాణ మండపాల అద్దె కనుక్కోండి. చిన్న తిరుపతి కొండమీద పెళ్లంటే మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా కాదనరు. మండపం, పూలు కలిపి 45 వేలు, ఇరువైపులా బట్టలు, పెట్టుపోతలకు 50 వేలు, పురోహితుడు, సన్నాయి మేళం, ఫొటోలకు 45 వేలు, టిఫిన్లకు 15, బస్సుకు 12 వేలు అనుకోండి. అమ్మగారి పాత బంగారంతో మంగళసూత్రాలు చేయిస్తే తరుగు, మజూరీలకు ఓ 15 వేలు. భోజనంతో కలిపి 2.7 లక్షలు. మిగిలిన పదివేలు చివరి వారం చిల్లర ఖర్చులకే అయిపోతాయి. ప్రీ వెడ్డింగ్ షూట్, డ్రోన్ వద్దు. సన్నాయిలో మాత్రం పిసినారితనం చేయకండి.

కొత్త హారం కొనకండి. 20 గ్రాముల హారానికి 14 శాతం తరుగంటే 2.8 గ్రాముల బంగారం ధర అదనంగా కట్టినట్టే, పైన జీఎస్టీ ఉండనే ఉంది. పాత నగ మార్చేటప్పుడు రాళ్లు తీయించి, మీ కళ్లముందే తూకం వేయించండి.

వెలితిగా ఉంటుందేమో అన్నారు. ఈమధ్య పెద్ద పెళ్లిళ్లలో చూస్తుంటా. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి సగం జనం బఫే దగ్గర ప్లేట్లు పట్టుకుని ఉంటారు, మండపం చుట్టూ ఫొటోగ్రాఫర్ల వీపులే కనిపిస్తాయి. పెళ్లికూతురు మధ్యాహ్నం మూడున్నరకి చల్లారిన పులిహోర తింటుంది. 220 మందైతే తలంబ్రాలు అయ్యేదాకా వడ్డన మొదలెట్టొద్దని గట్టిగా చెప్పొచ్చు. అందరూ అక్షింతలు వేశాకే అరిటాకులు వేయించండి. బంతుల్లో కూర్చోబెట్టి మీ అన్నదమ్ములు, అతని స్నేహితులు నెయ్యి వడ్డిస్తుంటే మీరిద్దరూ పేరుపేరునా పలకరించుకుంటూ వెళ్లండి. దానికి పైసా ఖర్చు లేదు.

పెళ్లయిన నెలలోపే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్టర్ చేయించండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు దాచుకోండి. ఇద్దరూ పీఎఫ్‌లో నామినేషన్ కొత్తగా వేయాలి, చాలామంది ఏళ్ల తరబడి మర్చిపోతారు. బ్యాంకు ఖాతాల్లో, ఇన్సూరెన్సుల్లో కూడా చూసుకోండి. ఆ 80 వేలలో అడ్వాన్సు పోగా మిగిలిందానితో ఇద్దరి పేరా ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టి, కట్టకుండా తప్పించుకున్న ఆ కిస్తీలో సగమైనా నెలనెలా అందులో వేయండి.