తప్పిపోయిన పగుళ్లనూ రాయి: ఎన్‌డీటీ పేపర్ మొదలుపెడుతున్న యువ పరిశోధకులకు లేఖ

చిరంజీవికి,

ఆశీస్సులు. ఎన్‌డీటీలో, అంటే వస్తువును పాడుచేయకుండా లోపలి లోపాలు వెతికే పరీక్షల రంగంలో, ఏటా ఇచ్చే ఉత్తమ పరిశోధన పత్రం అవార్డుకు పేపర్ ఎలా రాయాలని అడిగావు. ముందు అవార్డు సంగతి తేల్చేద్దాం. బ్రిటన్‌లోని ఎన్‌డీటీ ఇన్‌స్టిట్యూట్ తన ‘ఇన్‌సైట్’ జర్నల్‌లో సభ్యులు రాసిన వాటిలో మేలైన పేపర్‌కి జాన్ గ్రిమ్‌వేడ్ మెడల్ ఇస్తుంది. రేడియోగ్రఫీ పేపర్లకు విడిగా రాన్ హాల్మ్‌షా అవార్డు ఉంది. రెండూ అచ్చయిన పేపర్లలోంచి ఎంచేవే. కాబట్టి అవార్డు కోసమని వేరే రకం పేపర్ ఏదీ ఉండదు. నిబంధనల్లో ఏ ఏడాది సంచికలు లెక్కలోకి వస్తాయో, సభ్యత్వం తప్పనిసరో కాదో చూసుకుని ఆ కాగితం పక్కన పెట్టెయ్.

ఇక పేపర్ మాట. తమ పద్ధతి ఏ పగుళ్లను పట్టుకుందో అందరూ రాస్తారు. ఏవి తప్పిపోయాయో, ఎంత లోతువి తప్పిపోయాయో, ఎందుకు తప్పిపోయాయో కొలతలతో సహా నువ్వు రాయాలి. ఇన్‌స్పెక్టర్‌కి అక్కరకొచ్చే సమాచారం అదే. స్క్రీన్ మీద ఏమీ కనిపించనప్పుడు లోపల ఇంకా ఎంత పెద్ద పగులు దాగి ఉండొచ్చు? ఈ ప్రశ్నకు జవాబు లేని పేపర్‌ని నేను సగం పేపర్‌గానే చూస్తాను.

ఇది కొత్త మాటేమీ కాదు. రాంట్‌జెన్ 1895 డిసెంబరులో ఎక్స్ కిరణాల గురించి ఇచ్చిన మొదటి పత్రం చూడు. దాదాపు వెయ్యి పేజీల పుస్తకం గుండా కిరణాలు వెళ్లాయని, ఒకటిన్నర మిల్లీమీటర్ల సీసం దాదాపు పూర్తిగా ఆపేసిందని మందాలతో సహా రాశాడు. పట్టకంతో వక్రీభవనం చేయించలేకపోయానని, అయస్కాంతంతో పక్కకు తిప్పలేకపోయానని కూడా అంతే శ్రద్ధగా రాశాడు. లోపలి అసమానత కిరణాల వల్ల బయటపడిన ఒక లోహపు ముక్క ఫోటో ప్రస్తావన కూడా అందులోనే ఉంది. మన రంగం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. ఫలించిన ప్రయోగం, ఫలించని ప్రయోగం ఒకే పత్రంలో పక్కపక్కనే ఉన్నాయి.

తప్పిపోయినవి రాయాలంటే అసలు లోపల ఏముందో నీకు ఖాయంగా తెలియాలి. చాలా పేపర్లు ఇక్కడే కుప్పకూలుతాయి. స్పార్క్ ఎరోజన్‌తో (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కోసే పద్ధతి) నాచ్, అంటే సన్నని గాడి, కోసి దాన్నే పగులు అని రాసేస్తారు. నాచ్‌కి రెండు గోడల మధ్య గాలి ఉంటుంది, అంచులు తిన్నగా ఉంటాయి. అల్ట్రాసౌండ్ దాన్ని తాకి దాదాపు మొత్తం వెనక్కి వస్తుంది. పదే పదే భారం పడి వచ్చే ఫెటీగ్ పగులు అలా ఉండదు. గోడలు గరుకుగా ఉండి అక్కడక్కడా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఆనుకున్నచోట తరంగం దాటిపోతుంది. పగులు మీద నొక్కుడు బలం ఉంటే మరీను, సిగ్నల్ బాగా పడిపోతుంది. నాచ్‌లతో వచ్చిన ఫలితాన్ని నాచ్‌ల ఫలితంగానే రాయి. పగుళ్ల గురించి మాట్లాడాలంటే పగుళ్లే పెంచాలి.

పెంచే పద్ధతి ఇది. నమూనాలో చిన్న స్టార్టర్ నాచ్ కోసి, మూడు బిందువుల బెండింగ్‌లో చక్రీయ భారం వేసి పగులు పెంచు. తర్వాత పైపొరను మిల్లింగ్ చేసి స్టార్టర్ నాచ్‌ని పూర్తిగా తీసెయ్. అది కొంచెం మిగిలినా నీ సిగ్నల్ దాని నుంచే వస్తుంది, పగులు నుంచి కాదు. ఆ తర్వాత స్కాన్ చెయ్. పగులు తెరుచుకుందో మూసుకుందో దాన్నిబట్టి సిగ్నల్ మారుతుంది కాబట్టి స్కాన్ వేళ నమూనా మీద భారం ఉందా, ఉంటే ఎంత అన్నది రాయి. స్కాన్‌కు ముందు డై పెనిట్రంట్ (పగుళ్లు కంటికి కనిపించేలా పూసే రంగు ద్రవం) వాడకు. ఆ ద్రవం పగులులోకి దిగి కూర్చుంటే గాలి ఉండాల్సిన చోట ద్రవం ఉంటుంది, అల్ట్రాసౌండ్ జవాబు మారిపోతుంది. తుడిచాం కదా అనుకుంటారు. సన్నని పగుల్లోంచి అది అంత తేలిగ్గా బయటికి రాదు.

స్కాన్లన్నీ అయ్యాక నమూనాని విరవాలి. ఫెరిటిక్ ఉక్కు అయితే ముందు ఫర్నేస్‌లో 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచు. పగులు గోడలకు ఆక్సైడ్ రంగు పడుతుంది. తర్వాత ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి ఒక్క దెబ్బతో విరువు. రంగు పట్టినంత మేరా పాత పగులు, మెరుస్తున్నది ఇప్పుడు విరిగిన లోహం. రెండిటి మధ్య గీత చక్కగా కనిపిస్తుంది. ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ అయితే చలికి అలా పెళుసెక్కదు. రంగు వేశాక మళ్లీ ఫెటీగ్ భారం వేసి విడదీయాలి. సూక్ష్మదర్శిని కింద పొడవు, గరిష్ఠ లోతు, ప్రోబ్ (తరంగాన్ని పంపి అందుకునే పరికరం) కిరణం తాకిన చోట లోతు, మూడూ కొలిచి పెట్టుకో. వరస మాత్రం తారుమారు కానివ్వకు. వేడి చేసిన నమూనాని మళ్లీ స్కాన్ చేస్తే ఆ పగులు మొదటి పగులు కాదు. అన్నీ విరిచే వీలు లేకపోతే ఎన్ని విరిచావో, వాటిని ఎలా ఎంచావో చెప్పు. బాగా కనిపించిన వాటినే ఎంచి విరిస్తే లెక్క ముందే వంకరపోతుంది.

కచ్చితత్వం గురించి రాసేటప్పుడు పెన్ను నెమ్మదించాలి. ఉక్కులో అడ్డ తరంగం వేగం సెకనుకు సుమారు 3,250 మీటర్లు. 5 మెగాహెర్ట్జ్ ప్రోబ్‌తో తరంగదైర్ఘ్యం 0.65 మి.మీ. అలాంటప్పుడు ‘లోతు 0.1 మి.మీ. కచ్చితత్వంతో కొలిచాం’ అని రాస్తే ఎలా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కోణం ఒక్కటే తీసుకుని లెక్క చూడు. 45 డిగ్రీల ప్రోబ్‌తో 20 మి.మీ. లోతులో ఉన్న దాన్ని చూస్తే కిరణం నడిచే దారి 28.3 మి.మీ. అసలు కోణం 47 డిగ్రీలైతే అదే దారికి లోతు 19.3 మి.మీ. అంటే 0.7 మి.మీ. తేడా. 70 డిగ్రీల ప్రోబ్‌తో అదే 2 డిగ్రీలు తప్పితే 20 మి.మీ. కాస్తా 18.1 అయిపోతుంది. దాదాపు 2 మి.మీ. గల్లంతు! ఈ 2 డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తాయంటావా, వెడ్జ్ (ప్రోబ్ కింద ఉండే ఏటవాలు ప్లాస్టిక్ ముక్క) ఒక పక్క అరిగిపోవడం వల్ల రావచ్చు. వెడ్జ్ వేడెక్కినా రావచ్చు, ఎందుకంటే ప్లాస్టిక్‌లో తరంగ వేగం తగ్గి ఉక్కులో వంపు కోణం పెరుగుతుంది. అందుకే స్కాన్‌కి ముందూ తర్వాతా కాలిబ్రేషన్ బ్లాక్ మీద కోణం కొలిచి రెండు అంకెలూ పేపర్‌లో పెట్టు. ప్రోబ్ మీద అచ్చేసిన కోణం సరిపోదు, ఫ్రీక్వెన్సీ కూడా అంతే. 5 అని రాసి ఉన్న ప్రోబ్ అసలు కేంద్ర ఫ్రీక్వెన్సీ వేరే ఉండొచ్చు. కొలిచి, బ్యాండ్‌విడ్త్‌తో సహా రాయి.

పద్ధతి విభాగం చదివి ముక్కూమొహం తెలియని ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్ నీకు ఫోన్ చేయకుండా స్కాన్ చేయగలగాలి. ప్రోబ్‌లోని క్రిస్టల్ కొలత, వెడ్జ్, కప్లెంట్ (ప్రోబ్‌కీ లోహానికీ మధ్య పూసే ద్రవం), స్కాన్ అడుగు, శాంప్లింగ్ రేటు, ఫిల్టర్లు రాయి. సిగ్నల్‌ని ఎంత పెంచావో చెప్పడానికి ‘గెయిన్ 62 డీబీ (డెసిబెల్స్)’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఆ అంకె నీ మెషీన్‌కే తెలుసు. ‘3 మి.మీ. పక్క రంధ్రం సిగ్నల్‌ని తెర ఎత్తులో 80 శాతానికి తెచ్చి, ఆపైన 6 డీబీ పెంచాం’ అని రాస్తే ఏ మెషీన్ మీదైనా చేయొచ్చు. ఎడ్డీ కరెంట్ (కాయిల్‌తో లోహంలో సుడి కరెంట్లు పుట్టించి చూసే పద్ధతి) అయితే కాయిల్ వ్యాసం, ఫ్రీక్వెన్సీ, లిఫ్ట్ ఆఫ్ (కాయిల్‌కీ లోహానికీ మధ్య ఎడం) రాసి, ఆ కరెంట్ల చొరబాటు లోతు కూడా లెక్కకట్టి చెప్పు. మామూలు అల్యూమినియం మిశ్రమంలో 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 0.9 నుంచి 1.2 మి.మీ. ఉంటుంది. 5 మి.మీ. అడుగున పగులు చూశామంటే చదివేవాళ్లు అప్పుడే ఆగిపోతారు. రేడియోగ్రఫీ అయితే ఫోకల్ స్పాట్, దూరాలు, కిలోవోల్టులు, ఐక్యూఐలో (చిత్రం నాణ్యత చూడటానికి పక్కన పెట్టే తీగల పట్టీ) కనిపించిన అత్యంత సన్నని తీగ ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఎన్ని నమూనాలు కావాలన్నది అందరూ తప్పించుకునే ప్రశ్న. 90 శాతం పగుళ్లు దొరుకుతాయని 95 శాతం విశ్వాసంతో చెప్పాలంటే ఒకే పరిమాణపు పగుళ్లు 29 చూసి 29కి 29 పట్టుకోవాలి. 0.9ని 29 సార్లు గుణిస్తే 0.05 కంటే తక్కువ వస్తుంది కదా, లెక్క అదే. ఒకటి తప్పిపోతే 46 కావాలి. రెండు పోతే 61. పరిమాణంతో పాటు పట్టుబడే సంభావ్యత ఎలా పెరుగుతుందో గీత గీయాలంటే అమెరికా సైనిక హ్యాండ్‌బుక్ మిల్-హెచ్‌డీబీకే-1823ఏ చెప్పే కనీస లెక్క పెట్టుకో: దొరికింది, దొరకలేదు అనే రకం డేటాకు 60 లోపాలు, సిగ్నల్ ఎత్తు కొలిచే రకానికి 40. అవన్నీ పెద్దవైతే అన్నీ దొరుకుతాయి, మరీ చిన్నవైతే ఏదీ దొరకదు. రెండూ నీకేమీ నేర్పవు. దొరికీ దొరకని పరిమాణం దగ్గరే ఎక్కువ పగుళ్లు ఉండాలి. ఒకే పగులును ఐదుసార్లు స్కాన్ చేసి ఐదు పగుళ్లుగా లెక్క రాయకు. పగుళ్లు లేని నమూనాలు కూడా తగినన్ని కలుపు, ఏది ఏదో స్కాన్ చేసేవాళ్లకు తెలియనివ్వకు. ప్రతిచోటా ‘పగులుంది’ అనేవాళ్లకి నూటికి నూరు వస్తుంది. తప్పుడు పిలుపుల (పగులు లేనిచోట ఉందన్నవాటి) సంఖ్య పక్కనే లేకపోతే ఆ నూటికి విలువ లేదు.

ఈమధ్య ప్రతి రెండో పేపర్‌లో న్యూరల్ నెట్‌వర్క్ ఉంటోంది కాబట్టి ఒక హెచ్చరిక. పది ప్లేట్లు స్కాన్ చేసి ఒక్కో దాని నుంచి వంద చిత్రాలు తీసి, వెయ్యినీ కలిపేసి, ఎనిమిది వందలు శిక్షణకు, రెండు వందలు పరీక్షకు పంచుతారు. ఒక మిల్లీమీటరు పక్కన తీసిన అదే పగులు చిత్రం రెండు వైపులా పడుతుంది. 99 శాతం రావడంలో వింతేముంది, పరీక్ష పేపర్ ముందే చూపించావు. ప్లేట్ల వారీగా విడదీయి. రెండు ప్లేట్లు శిక్షణ గదిలోకే రాకూడదు. ఇంకొకటి, పగుళ్లున్న ప్లేట్లు మిల్లింగ్ చేసినవి, లేనివి మామూలు ఉపరితలం ఉన్నవి అయితే నెట్‌వర్క్ పగుళ్లు కాక ఉపరితలాన్నే నేర్చుకుంటుంది. రెండు రకాలకూ ఒకే తయారీ చేయించు.

మాటల వాడుక చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సమీక్షకులు దాన్నే ముందు పట్టుకుంటారు. తెర మీద కనిపించేది ఇండికేషన్. లోపల లోహం తెగి ఉంటే డిస్‌కంటిన్యూయిటీ. అంగీకార ప్రమాణం దాటితేనే డిఫెక్ట్. మూడిటినీ కలగాపులగం చేయకు. సిగ్నల్ ‘బాగా పెరిగింది’ అనకుండా ఎన్ని డెసిబెల్స్ పెరిగిందో రాయి. 6 డీబీ అంటే ఎత్తు రెట్టింపు, 20 డీబీ అంటే పదింతలు. పోల్చే రెండు బీ-స్కాన్ (లోపలి నిలువు కోతను చూపే) చిత్రాలకీ ఒకే రంగుల కొలమానం ఉండాలి. రెండో దానికి కొలమానం మారిస్తే మెరుగుదల నీ పద్ధతిదా, రంగుదా అన్నది ఎవరికీ తెలియదు.

ముందుగా పరిచయం రాయడం మొదలుపెట్టకు. ఒక పట్టిక గీయి. నమూనా సంఖ్య, విరిచాక కొలిచిన లోతు, నీ పద్ధతి చెప్పిన లోతు, దొరికిందా లేదా, ఇవి నిలువు వరసలు. లోతు తక్కువ నుంచి ఎక్కువకు పేర్చు. పైన ఉన్నవి ఎక్కువగా తప్పిపోయినవే అయి ఉంటాయి. నీ కన్ను ముందు వాటి మీద పడనీ. మధ్యలో ఎక్కడో ఒక లోతైన పగులు తప్పిపోయి కనిపిస్తే దాన్ని తీసెయ్యకు. విరిచిన ముక్కని మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టు. పగులు వాలి ఉందా, కొస వంపు తిరిగిందా, గోడలు ఆనుకున్న గుర్తులు ఉన్నాయా చూడు. అక్కడ నీకు దొరికే కారణమే బహుశా పేపర్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చదివే పేరా అవుతుంది.

ఆ పట్టిక, విరిచిన ముక్కల ఫోటోలు ముందు పంపు. డ్రాఫ్ట్ తర్వాత చూద్దాం.

ఉంటాను.